నాలుగో మోటారు

మార్కాపురంలో భుజంగరావు అని కళ్లద్దాల దుకాణం ఆయన ఒకడు ఉండేవాడు; ఊరందరి చూపూ సరిచేసే ఆ మనిషికి ఏ వస్తువునైనా పేరు చూసి నమ్మడమే తప్ప పని చూసి నమ్మడం తెలియదు.

ఆయన చొక్కా నుంచి పళ్లు తోముకునే బ్రష్ దాకా అన్నీ కంపెనీవే. అందులో తప్పేమీ లేదు. మంచి వస్తువు కొనుక్కోగలిగినవాళ్లు కొనుక్కుంటారు. కానీ భుజంగరావు అక్కడితో ఆగేవాడు కాదు. ఎదుటివాళ్ల చేతిలో కంపెనీది కానిది కనిపిస్తే పెదవి విరిచేవాడు. వానలో తడిసి ఇంటికొచ్చిన చుట్టం గొడుగును తిప్పి చూసి, "ఇది కంపెనీదేనా?" అని అడిగాడంటే మనిషి ఎలాంటివాడో మీరే ఊహించుకోండి.

ఆయనకు డ్రోన్లు ఎగరేసే సరదా ఉండేది. డబ్బాలో వచ్చినదాన్ని వచ్చినట్టు ఎగరేసే రకం కాదు. మోటార్లు, రెక్కలు, బ్యాటరీలు విడివిడిగా తెప్పించి సొంతంగా బిగించుకునేవాడు. ఊరి బయట మూతపడ్డ పలకల గని పక్కన ఒక మైదానం ఉంది. ఆదివారం పొద్దున్నే ఇలాంటి సరదా ఉన్నవాళ్లు పది పన్నెండు మంది అక్కడ చేరి, మధ్యాహ్నం ఎండ నెత్తికెక్కేదాకా తమ యంత్రాలను ఎగరేసుకునేవాళ్లు.

వాళ్లలో మస్తాన్‌వలీ ఒకడు. బోరు మోటార్లకు వైండింగ్ చేసే మెకానిక్. అతను తన డ్రోన్‌కు కాపీ మోటార్లు వాడేవాడు. అవి చూడటానికి అచ్చం పెద్ద కంపెనీ మోటార్లలాగే ఉంటాయి. అదే రంగు, అవే కొలతలు, అవే మరల రంధ్రాలు. ధర మాత్రం నాలుగో వంతు. మస్తాన్‌వలీ వాటిని తెచ్చినవి తెచ్చినట్టు బిగించేవాడు కాదు. ఊడదీసి, బేరింగులు మార్చి, రాగి తీగ తన చేత్తో మళ్లీ చుట్టి, ఆ తర్వాత కాటాకు కట్టేవాడు.

కాటాకు కట్టడమంటే ఆ మైదానంలో ఒక ఆచారం. డ్రోన్‌ను నేల మీది స్ప్రింగ్ కాటాకు బిగించి, పూర్తి వేగంతో తిప్పుతారు. ముల్లు ఎంత బరువు చూపించిందో చూస్తారు. ఎన్ని సెకన్లు తిరిగాక మోటారు చెయ్యి పెట్టలేనంతగా కాలుతుందో లెక్కపెడతారు. ఆ సెకన్ల లెక్కను పసుపు రంగుతో మోటారు మీదే రాస్తారు. అంకె లేని మోటారుతో బరువు మోయించకూడదు. మస్తాన్‌వలీ మోటార్లు నాలుగింటి మీదా నలభై అని ఉండేది.

"నలభై సెకన్లకే అలిసిపోద్దా? మోటారా అది, పాలు తాగే పిల్లా?" అని భుజంగరావు వెక్కిరించేవాడు.

"అలిసిపోద్దని ముందే చెప్తది కదన్నా. అది చాల్లే నాకు" అని మస్తాన్‌వలీ నవ్వేవాడు.

భుజంగరావు మాత్రం తన డ్రోన్‌ను కాటా దగ్గరికి రానిచ్చేవాడు కాదు. "కంపెనీవాళ్లు పరీక్ష చేసే అమ్ముతారు. మళ్లీ మనమేంది చేసేది? వాళ్లకన్నా మనకెక్కువ తెలుసా?" అనేవాడు. నోరున్నవాడిదే మాట. పొద్దున్నే ఆయనతో వాదం ఎందుకని అందరూ సరేనన్నారు. కంపెనీ స్టిక్కర్ ఉన్న మోటార్లకు కాటా పరీక్ష అక్కర్లేదని ఒప్పుకున్నారు. ఈ కథలో జరిగిన చెరుపంతా ఆ ఒక్క మినహాయింపులోంచే పుట్టింది.

జులై నెలలో పలకల దుమ్ము దూరి భుజంగరావు డ్రోన్‌లో ఒక మోటారు బిగుసుకుపోయింది. కొత్తది రావడానికి నెలన్నర పడుతుందని కంపెనీవాళ్లు చెప్పారు. ఆగస్టు పదిహేనున హైస్కూలు మైదానంలో ఆయన డ్రోన్ జాతీయ జెండాను మోసుకుంటూ ఎగరాలి. ఆ సంగతి ఆయన దుకాణానికి వచ్చినవాళ్లకల్లా చెప్పుకున్నాడు. డ్రోన్ పాడైందని చెబితే సరిపోయేది. వచ్చే ఏడు ఎగరేస్తానంటే ఎవరూ ఉరి తీయరు. కానీ ఆయనకు మనసొప్పలేదు.

ఎవరికీ తెలియకుండా ఒక కాపీ మోటారు తెప్పించాడు. అది నాలుగు రోజుల్లో వచ్చింది. పాత మోటారు స్టిక్కర్‌కు వేడినీళ్ల ఆవిరి పట్టి, ఎక్కడా చిరగకుండా ఊడదీశాడు. దాన్ని కాపీ మోటారు మీద అంటించాడు. డ్రోన్‌కు కుడివైపు వెనక భాగంలో దాన్ని బిగించాడు. దూరం నుంచి చూశాడు, దగ్గర నుంచి చూశాడు. నాలుగూ ఒకేలా ఉన్నాయి.

జెండా బ్రహ్మాండంగా ఎగిరింది. జనం చప్పట్లు కొట్టారు. ఒక్క మస్తాన్‌వలీ మాత్రం తల పక్కకు వంచి విన్నాడు. డ్రోన్ కిందికి దిగాక దగ్గరికొచ్చాడు.

"అన్నా, కుడిపక్క వెనకాల మోటారు గొంతు తేడాగా ఉంది. ఒకసారి కాటాకు కడదామా?"

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు భుజంగరావు ఆ మోటారు మీద చెయ్యి అడ్డం పెట్టాడు. "స్టిక్కర్ కనపడట్లా నీకు? కాపీ మోటార్ల రొద విని విని నీ చెవులు పాడైనయ్" అన్నాడు. మస్తాన్‌వలీ పక్కకు తప్పుకున్నాడు. పెద్దవాడు, పదిమందిలో ఉన్నాడు, ఎందుకులే అనుకున్నాడు.

సెప్టెంబరులో అసలు మోటారు వచ్చింది. భుజంగరావు దాన్ని బీరువాలో పెట్టాడు. ఈ ఆదివారం మారుద్దాం అనుకున్నాడు. ఆ ఆదివారం ఎవరో పలకరించడానికి వచ్చారు. వచ్చే ఆదివారం అనుకున్నాడు. ఎగురుతూనే ఉంది కదా అని తర్వాత ఆ మాటే మరిచిపోయాడు. మొదట్లో ఆ స్టిక్కర్ చూసినప్పుడల్లా ఆయనకు లోపల ముల్లులా గుచ్చుకునేది. రెండు నెలలు తిరిగేసరికి అది కంపెనీ మోటారే అని ఆయనే నమ్మడం మొదలుపెట్టాడు. అబద్ధం ఆడినవాడు ఊరిని నమ్మిస్తూ నమ్మిస్తూ చివరికి తనే నమ్ముతాడు.

అక్టోబరులో వాన పట్టుకుంది. మూడు రోజులు పెద్దగా తెరిపి లేకుండా కురిసింది. మూడో రోజు మధ్యాహ్నం రెండు దాటాక వాన కాస్త తగ్గింది కానీ, పైనుంచి వచ్చిన నీళ్లతో గుండ్లకమ్మ ఒడ్డులు ఒరుసుకుని పారుతోంది. అప్పుడు భుజంగరావుకు ఫోన్ వచ్చింది.

"సార్, నేను చింతలపాయ వీఆర్వో సరోజినిని. ఆగస్టు పదిహేనున స్కూల్లో జెండా ఎగరేసింది మీరే కదా? ఆ డ్రోన్ తీసుకుని వెంటనే రండి. ఏటి మధ్యలో ఇద్దరు చిక్కుకున్నారు."

భుజంగరావు మస్తాన్‌వలీని కూడా ఎక్కించుకుని జీపులో బయల్దేరాడు. వెనక సీట్లో రెండు డ్రోన్లూ ఉన్నాయి. దారి పొడుగునా మస్తాన్‌వలీ గాలి ఎటు వీస్తోందో చూస్తూ కూర్చున్నాడు.

చింతలపాయ దగ్గర ఏటి మధ్యలో ఒక రాతి తిప్ప ఉంది. మామూలు రోజుల్లో మోకాలి లోతు నీళ్లలో నడిచి వెళ్లి అక్కడ గొర్రెలు మేపుకుంటారు. పొద్దున కాసేపు తెరిపిస్తే వాన ఆగిందనుకుని గొర్రెల కాపరి ఎలమంద, అతని భార్య కోటమ్మ మందను అక్కడికి తోలుకెళ్లారు. గంటలోపే నీళ్లు చుట్టుముట్టాయి. ఇప్పుడు తిప్ప మీద రెండు మంచాల పట్టంత రాయి మిగిలింది. దాని మీద వాళ్లిద్దరూ ఉన్నారు, మందలో మిగిలిన ఐదారు గొర్రెలు ఉన్నాయి. రాయి పక్కన ఒక తుమ్మ చెట్టు నడుము లోతు నీళ్లలో నిలబడి ఉంది.

"పడవ ఒంగోలు నుంచి రావాలి. దారిలో కల్వర్టు తెగింది. ఇంకో రెండు గంటలంటున్నారు" అంది సరోజిని. "తుమ్మ చెట్టు చూడండి. నేనొచ్చినప్పుడు దాని మొదలు కనిపించేది."

ఎలమంద తమ్ముడు గురవయ్య భుజాన లావుపాటి మోకు వేసుకుని నిలబడి ఉన్నాడు. మోకు ఆ తిప్పను చేరితే చాలు. రాతికి కట్టి, దాన్ని పట్టుకుని మనుషులు దాటొచ్చు. కానీ మోకును నూట ఇరవై మీటర్లు ఎవరు విసరగలరు? ముందు ఒక సన్నని నైలాన్ దారం చేరాలి. దారానికి మోకు కట్టి అవతలి నుంచి లాక్కోవాలి. ఆ దారాన్ని తీసుకెళ్లడానికే డ్రోన్ కావాలి.

మస్తాన్‌వలీ ఏరు మొత్తం ఒకసారి చూశాడు. "పైన ఏట్లోకి తెగిపోయిన పాత చప్టా మొండెం ఉంది చూడన్నా. ఆడికి పోతే దూరం తగ్గుద్ది. గాలి కూడా వీపు మీద ఉంటది. కానీ నడుము లోతులో పావుగంట నడవాల." తర్వాత భుజంగరావు వైపు తిరిగాడు. "దారం నీళ్లకు తగిలిందంటే బలంగా లాగుద్ది. అప్పుడు పూర్తి వేగం పెట్టాల్సిందే. నీ మోటార్లు పూర్తి వేగంతో ఎంతసేపు ఆగతయ్?"

నాలుగో మోటారు ఎంతసేపు ఆగుతుందో భుజంగరావుకు తెలియదు. తెలియదని చెబితే సరిపోయేది. కానీ చుట్టూ ఊరు ఊరంతా నిలబడి ఉంది. జెండా మోసిన డ్రోన్ ఇదేనని ఒకరికొకరు చూపించుకుంటున్నారు.

"కంపెనీ కాగితంలో మూడు నిమిషాలని ఉంది" అన్నాడు.

అది అబద్ధం కాదు. మూడు మోటార్ల వరకూ నిజమే.

"మూడు నిమిషాలు ఆగేటట్టయితే ఇక్కడి నుంచే సరిపోతుంది కదా? పావుగంట ఎందుకు పోగొట్టుకోవడం?" అంది సరోజిని.

"సరిపోద్ది" అన్నాడు భుజంగరావు. పావుగంట ఆలస్యం కాకుండా చూస్తున్నానని మనసుకు సర్దిచెప్పుకున్నాడు.

దారం కట్టుకుని డ్రోన్ లేచింది. తిప్ప మీద కోటమ్మ లేచి రెండు చేతులూ పైకెత్తింది. డ్రోన్ యాభై మీటర్లు హాయిగా పోయింది. ఆ తర్వాత దారం తన బరువుకే కిందికి వేలాడి నీళ్లను తాకింది. ప్రవాహం దాన్ని పట్టుకుని కిందికి ఈడ్చసాగింది. డ్రోన్ పక్కకు ఒరిగింది. భుజంగరావు పూర్తి వేగం పెట్టాడు.

అలవాటు కొద్దీ మస్తాన్‌వలీ పైకి లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. "పది... పదిహేను... ఇరవై..."

డ్రోన్ మళ్లీ ముందుకు కదిలింది. తిప్ప దగ్గరపడుతోంది. ముప్పై మీటర్లు. ఇరవై.

"ఇరవై ఐదు... ముప్పై..."

కుడిపక్క వెనక నుంచి సన్నగా, ఈల వేసినట్టు ఒక శబ్దం వచ్చింది. మస్తాన్‌వలీ లెక్క ఆపేశాడు. ఆ శబ్దం ఆగస్టులో విన్నదే. నాలుగో మోటారు నుంచి పొగ లేచింది. డ్రోన్ గిరుక్కున తిరిగి, తిప్పకు రెండు బారల దూరంలో నీళ్లలో పడింది.

దారం అందుతుందేమోనని కోటమ్మ ముందుకు అడుగు వేసింది. కాలు జారింది. నడుము దాకా నీళ్లలోకి దిగిపోయింది. ఎలమంద ముందుకు పడి ఆమె కొప్పు దొరకబుచ్చుకున్నాడు. ఒడ్డున ఉన్న ఆడవాళ్లు గొల్లుమన్నారు. అతను ఒక చేత్తో రాతిని, ఒక చేత్తో ఆమె జుట్టును పట్టుకుని కాసేపు అలాగే ఉండిపోయాడు. చివరికి ఆమెను పైకి లాగాడు. ఇద్దరూ రాతి మీద బోర్లా పడ్డారు. గొర్రెలు రెండు కొట్టుకుపోయాయి.

దారం పట్టుకుని లాగితే డ్రోన్ ఒడ్డుకు వచ్చింది. రెండు రెక్కలు విరిగాయి. భుజంగరావు దాన్ని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. ఎవరో ఆయన భుజం మీద చెయ్యి వేసి, "పాపం, అంత ఖరీదైంది మావాళ్ల కోసం పాడు చేసుకున్నారు సార్" అన్నారు. ఆ మాట చెంపదెబ్బ కన్నా గట్టిగా తగిలింది.

"మస్తాన్ గారూ, మీది తియ్యండి" అంది సరోజిని.

మస్తాన్‌వలీ తన డ్రోన్ పెట్టె మీద కూర్చుని ఉన్నాడు. అతని మొహం పాలిపోయింది. "నాది తియ్యను మేడం" అన్నాడు. "చప్టా కాడ నుంచి ఎగరేస్తే నా నలభై సెకన్లు సరిగ్గా సరిపోతయ్యని ఇందాక లెక్కేసుకున్నా. ఆ లెక్క తప్పు. కంపెనీ మోటారే నిమిషం కూడా ఆగకుండా కాలిపోయిందంటే దారం లాగుడు నేననుకున్నదానికి మూడు నాలుగింతలు ఉంది. నాది సగం దూరం కూడా పోదు. ఇది కూడా ఏట్లో కలిస్తే మన చేతిలో ఇంకేం ఉండదు. పడవ కోసం చూడటమే."

"పడవ వచ్చేదాకా తిప్ప ఉంటదా?" అన్నాడు గురవయ్య. తుమ్మ చెట్టు పైకొమ్మలు మాత్రమే కనిపిస్తున్నాయి. గురవయ్య మోకు కొస తీసి నడుముకు కట్టుకోవడం మొదలుపెట్టాడు. ఆ ప్రవాహంలో ఈదడమంటే ఏమిటో అక్కడున్న అందరికీ తెలుసు.

భుజంగరావు అదంతా చూస్తున్నాడు. మోటారు కాలిపోయింది. అందులో ఏముందో ఇక ఎవరికీ తెలియదు. గాలి మీదకు, దారం మీదకు తప్పు పోయింది. నోరు మూసుకుని కూర్చుంటే ఆయన మర్యాదకు వచ్చిన లోటేమీ లేదు. కానీ ఆయన అబద్ధం ఇప్పుడు మస్తాన్‌వలీ లెక్కలోకి దూరింది. ఎగరగలిగిన డ్రోన్‌ను పెట్టెలోనే కూర్చోబెట్టింది. గురవయ్య నడుముకు ముడి వేయిస్తోంది. ఆ సంగతి తెలిసినవాడు అక్కడ తను ఒక్కడే.

ఆయన లేచాడు.

"గురవయ్యా, ఆగు. మస్తానూ, తప్పు గాలిది కాదు. దారానిదీ కాదు."

అందరూ అటు తిరిగారు. భుజంగరావు డ్రోన్‌ను తిప్పి, నాలుగో మోటారు మీద నానిన స్టిక్కర్‌ను గోటితో గీకాడు. అది ముద్దలా ఊడి వచ్చింది. కింద నున్నటి రేకు తప్ప ఏ పేరూ లేదు.

"ఇది కాపీ మోటారు. ఆగస్టులో నేనే బిగించా. స్టిక్కర్ నేనే అంటించా. కాటాకు కట్టలేదు. ఇదెంతసేపు ఆగుద్దో నాకే తెలియదు. నువ్వడిగినప్పుడు తెలియదని చెప్పలా" అన్నాడు. ఆయన గొంతు చాలా చిన్నగా ఉంది. అయినా అందరికీ వినపడింది.

మస్తాన్‌వలీ గబుక్కున వచ్చి డ్రోన్ అందుకున్నాడు. మిగతా మూడు మోటార్లనూ వేలితో తిప్పాడు. మూడూ నీళ్లు చిమ్ముతూ నున్నగా తిరిగాయి. ఒక్కోదాన్నీ ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు. వార్నీషు మాడిన వాసన ఎలా ఉంటుందో వైండింగ్ మెకానిక్కుకు ఒకరు చెప్పనక్కర్లేదు. అది నాలుగోదాంట్లో మాత్రమే ఉంది.

"ఈ మాట అరగంట ముందు చెప్పాల్సింది" అంది సరోజిని. భుజంగరావు తల వంచుకున్నాడు.

మస్తాన్‌వలీకి కోపం తెచ్చుకునే తీరిక లేదు. "అట్టయితే ఈ మూడూ అలిసిపోలా. దారం లాగుడు నేననుకున్నంతే ఉంది" అన్నాడు తనలో తను అనుకుంటున్నట్టు. వెంటనే పెట్టె భుజాన పెట్టుకున్నాడు. "నా లెక్క సరైందే. గురవయ్యా, మోకు తీసుకుని చప్టా కాడికి నడు. రెండు పొడుగు వెదుర్లు పట్టుకురండి. దారం నీళ్లకు తగలకుండా ఎత్తి పట్టుకోవాల. అన్నా, ముందు వెదురు నువ్వు పట్టుకో."

నడుము లోతు నీళ్లలో, ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని, వాళ్లు పాత చప్టా మొండెం మీదకు చేరారు. భుజంగరావు దాని చివర, అంచు మీద, ఛాతీ దాకా నీళ్లలో నిలబడి వెదురును తలకు పైన ఎత్తి పట్టుకున్నాడు. ఆయన కళ్లద్దాలు ఎక్కడో కొట్టుకుపోయాయి. ఆ సంగతి ఆయన గమనించనే లేదు.

"నలభై దాటితే పడిపోద్ది. గట్టిగా లెక్కపెట్టన్నా. నేను కళ్లు తిప్పలేను" అన్నాడు మస్తాన్‌వలీ.

డ్రోన్ లేచింది. గాలి దాన్ని వెనక నుంచి తోసింది. మస్తాన్‌వలీ సగం దూరం దాకా నెమ్మదిగా, మోటార్లకు కష్టం లేకుండా పోనిచ్చాడు. దారం బిగుసుకున్నాక పూర్తి వేగం పెట్టాడు.

"ఒకటి... రెండు... మూడు..." భుజంగరావు అరుస్తున్నాడు. వెదురు ఆయన చేతుల్లో వంగిపోతోంది.

పన్నెండు దగ్గర దారం ఒకసారి నీళ్లను తాకింది. వెనక వెదురువాళ్లు ఎగిరి పైకి లాగారు. ఇరవై దగ్గర గాలి అడ్డం తిరిగింది. డ్రోన్ తిప్పను దాటి పక్కకు పోయింది. మస్తాన్‌వలీ దాన్ని మళ్లీ వెనక్కి తిప్పాడు.

"ముప్పై... ముప్పై ఒకటి..."

ఎలమంద లేచి నిలబడ్డాడు. ఈసారి కోటమ్మ అతని నడుము పట్టుకుని రాతికి అతుక్కుపోయింది. ఇద్దరి పాదాల మీదుగా నీళ్లు పారుతున్నాయి.

"ముప్పై ఐదు... ముప్పై ఆరు..." భుజంగరావు గొంతు బొంగురుపోయింది.

డ్రోన్ వాళ్ల తలల మీదకు వచ్చింది. ఎలమంద చెయ్యి చాచాడు. అందలేదు. ఇంకో జానెడు కావాలి.

"ముప్పై ఎనిమిది..."

మస్తాన్‌వలీ వేగం పూర్తిగా తీసేశాడు. డ్రోన్ రాయిలా ఎలమంద చేతుల్లో పడింది. మోటార్లు చురుక్కుమన్నా అతను వదల్లేదు. దారం అతని మణికట్టుకు చుట్టుకుంది.

ఆ తర్వాత జరిగింది త్వరగానే జరిగింది. దారం వెంట మోకు వెళ్లింది. ఎలమంద దాన్ని రాతికి మూడు చుట్లు చుట్టి కట్టాడు. గాలి నింపిన లారీ ట్యూబు పట్టుకుని గురవయ్య మోకు వెంట వెళ్లి, ముందు వదినను, తర్వాత అన్నను తీసుకొచ్చాడు. ఎలమంద చప్టా మీద కాలు పెట్టి వెనక్కి తిరిగి చూసేసరికి తిప్ప లేదు. తుమ్మ చెట్టూ లేదు. మందలో మిగిలిన గొర్రెలూ లేవు. వాటిని పేరు పేరునా తలుచుకుని కోటమ్మ ఏడ్చింది.

కాస్త తేరుకున్నాక ఆమె భుజంగరావును చూసి చేతులు జోడించింది. "మా కోసం మీ మిషను పోగొట్టుకున్నారంట గదయ్యా" అంది.

అసలు సంగతి ఆమెకు ఇంకా ఎవరూ చెప్పలేదు. చెప్పకుండా ఆ దండం అందుకోవచ్చు. భుజంగరావు అందుకోలేదు. "కాదమ్మా. నువ్వు నీళ్లలో జారింది నా వల్లే" అని మొదటి నుంచీ జరిగిందంతా ఆమెకు చెప్పాడు.

కోటమ్మ చీర కొంగు పిండుకుంటూ అంతా విన్నది. "చివరికి చెప్పారు గదయ్యా. అదన్నా చెప్పకుండా ఉంటే..." అని ఏటి వైపు చూసింది. ఆ రాత్రి భుజంగరావుకు కూడు సయించలేదు.

తర్వాతి ఆదివారం ఆయన అందరికంటే ముందే గని మైదానానికి వచ్చాడు. విరిగిన రెక్కలు మార్చి, బీరువాలో ఉన్న అసలు మోటారు బిగించి, తన డ్రోన్‌ను తనే కాటాకు కట్టాడు. నాలుగు మోటార్లూ మూడు నిమిషాలు చెక్కుచెదరకుండా తిరిగాయి. కంపెనీ కాగితంలో ఉన్నది అక్షరాలా నిజమే. ఆ నిజానికి పక్కన అబద్ధాన్ని బిగించింది తనే. స్టిక్కర్ ఉంటే పరీక్ష అక్కర్లేదన్న మినహాయింపును ఆ రోజే కొట్టేశారు. కొట్టేయమని అడిగింది కూడా ఆయనే.

మస్తాన్‌వలీ కాలిపోయిన కాపీ మోటారును తీసుకెళ్లి, తీగ మళ్లీ చుట్టి, కాటాకు కట్టి, పసుపు రంగుతో ముప్పై ఎనిమిది అని రాసి తెచ్చిచ్చాడు. "దీన్ని తిట్టబాకన్నా. ఇది మోయగలిగినంత మోసింది. మోయలేనిది మనమే దాని నెత్తిన అంటించాం" అన్నాడు.

భుజంగరావు దాన్ని తన దుకాణంలో, కళ్లద్దాల ఫ్రేముల మధ్య, అద్దాల అరలో పెట్టుకున్నాడు. దుకాణానికి వచ్చినవాళ్లు అప్పుడప్పుడూ దాన్ని చూసి, "ఇది ఏ కంపెనీది సార్?" అని అడిగేవాళ్లు.

"ముప్పై ఎనిమిది సెకన్లది" అనేవాడు ఆయన.

నీతి: తన బలం ఎంతో నిజంగా చెప్పే వస్తువు చవకదైనా ఆపదలో గట్టెక్కిస్తుంది, లేని బలాన్ని పేరుగా అంటించుకున్న అబద్ధం మాత్రం మనల్ని నమ్మినవాళ్లను ముంచుతుంది.